ప్రయాణికుల విమానాల సెన్సర్ల నుంచి వాతావరణ సమాచారాన్ని సేకరించే విధానం

35,000 అడుగుల ఎత్తున, మాక్ 0.78 వేగంతో, అంటే ధ్వని వేగంలో 0.78 వంతుతో, పోతున్న ఒక ప్రయాణికుల విమానాన్ని తీసుకుందాం. దాని ముక్కు పక్కన బయటికి పొడుచుకొని ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్ మైనస్ 23 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది. అదే క్షణంలో బయటి గాలి మైనస్ 50 డిగ్రీల చలిలో ఉంటుంది. సెన్సర్ చెడిపోలేదు. అంత వేగంతో ఎదురొచ్చిన గాలి సెన్సర్ లోపల ఆగినప్పుడు దాని గతిశక్తి వేడిగా మారుతుంది, సెన్సర్ ఆ వేడెక్కిన గాలినే నిజాయితీగా కొలుస్తుంది. విమానాల నుంచి వాతావరణ సమాచారాన్ని రాబట్టే పనిలో ముఖ్యమైన భాగం ఇటువంటి తేడాలను సరిగ్గా లెక్కగట్టి తీసివేయడమే. పరికరాలు ఇప్పటికే ఆకాశంలో తిరుగుతున్నాయి, కాబట్టి కొత్తగా కొనవలసినది చాలా తక్కువ. శ్రమంతా దిద్దుబాటులోనూ, నమ్మదగని కొలతను గుర్తించి పక్కన పెట్టడంలోనూ ఉంది.

ఈ సమాచారానికి విలువ ఎందుకో ముందుగా ఒక మాట చెప్పాలి. పై గాలుల ఉష్ణోగ్రతను, వేగాన్ని నేరుగా కొలవడానికి వాతావరణ కేంద్రాలు రేడియోసాండ్ అనే చిన్న కొలత పరికరాన్ని కట్టిన బెలూన్లను సాధారణంగా రోజుకు రెండుసార్లు, అంతర్జాతీయ కాలమానం ప్రకారం 0 గంటలకు, 12 గంటలకు వదులుతాయి. ఆ రెండు వేళల మధ్య గాలి ఎలా మారిందో బెలూన్ చెప్పలేదు. రద్దీగా ఉండే విమానాశ్రయంలో మాత్రం పైకి లేచే ప్రతి విమానమూ, దిగే ప్రతి విమానమూ నేల నుంచి పది కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని నిలువునా కోసి చూపిస్తాయి. 2020 నాటి మహమ్మారికి ముందు విమానాల నుంచి రోజుకు 7 లక్షలకు పైగా కొలతలు వాతావరణ సంస్థలకు అందేవి. ఆ ఏడాది విమానాలు నేలకు పరిమితమైనప్పుడు అవి సగానికి పైగా పడిపోయాయి; ముందస్తు అంచనాలు చేసేవారికి ఆ లోటు అప్పుడు బాగా తెలిసివచ్చింది.

విమానం నిజంగా కొలిచేది ఏమిటి

బయట వీచే గాలి వేగాన్నీ, దిశనూ నేరుగా కొలిచే ప్రత్యేకమైన పరికరం విమానంలో ఏదీ లేదన్న సంగతిని మొదట మనసులో నిలుపుకోవాలి. పిటో గొట్టం ఎదురుగాలి మొత్తం పీడనాన్ని కొలుస్తుంది, విమానం పక్కభాగంలో ఉండే చిన్న రంధ్రాలు స్థిర పీడనాన్ని, అంటే చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని, కొలుస్తాయి, పైన చెప్పిన సెన్సర్ మొత్తం ఉష్ణోగ్రతను కొలుస్తుంది. మొత్తం పీడనానికీ స్థిర పీడనానికీ ఉన్న నిష్పత్తి నుంచి మాక్ సంఖ్య వస్తుంది. స్థిర పీడనం నుంచి ఎత్తు వస్తుంది. నేలతో పోల్చిన వేగాన్నీ, పోతున్న దిశనూ, ముక్కు చూస్తున్న దిశనూ జడత్వ వ్యవస్థ (విమానం కదలికలను లోపలి నుంచే పసిగట్టే పరికరం), జీపీఎస్ కలిసి ఇస్తాయి. మిగిలినదంతా లెక్క.

ఉష్ణోగ్రత లెక్క సులువు. సెన్సర్ చూపిన ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చి, దానిని (1 + 0.2 × మాక్ సంఖ్య వర్గం) తో భాగిస్తే బయటి గాలి ఉష్ణోగ్రత వస్తుంది. మన ఉదాహరణలో మైనస్ 23 డిగ్రీలంటే 250.15 కెల్విన్, మాక్ 0.78 వర్గం 0.6084, భాజకం 1.1217, ఫలితం 223.0 కెల్విన్, అంటే మైనస్ 50.1 డిగ్రీలు. సెన్సర్ లోపల గాలి పూర్తిగా ఆగదు కాబట్టి, ఎంత శాతం వేడి తిరిగి దక్కుతుందో తెలిపే ఒక గుణకం కూడా ఈ సూత్రంలో ఉంటుంది. మంచి సెన్సర్లలో అది 1కి చాలా దగ్గరగా ఉంటుంది, ఆ సవరణను విమానంలోని ఎయిర్ డేటా కంప్యూటరే చేస్తుంది.

ఎత్తు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. విమానం ప్రసారం చేసే ఎత్తు నేల నుంచి టేపుతో కొలిచినటువంటిది కాదు. సముద్రమట్టం వద్ద పీడనం 1013.25 హెక్టోపాస్కల్‌లు ఉండే ప్రామాణిక వాతావరణాన్ని ఊహించి, పీడనాన్నే అడుగులలో చెప్పిన సంఖ్య. అందువల్ల దానిని మళ్లీ పీడనంలోకి మార్చి భద్రపరచడం ఉత్తమం. 35,000 అడుగులు అన్నప్పుడు మీ పట్టికలో 238 హెక్టోపాస్కల్‌లు అని ఉండాలి. ఆ రోజు ఆ చోట అసలు ఎత్తు ఎంతైనా ఈ పీడనం మాత్రం నిజం.

ఇక గాలి. పడవ ముక్కు ఒకవైపు ఉండగా ప్రవాహం దానిని మరోవైపు నెట్టుకుపోయినట్టే, విమానం గాలిలో పోయే సదిశకూ (వేగం, దిశ కలిసినది) నేల మీద పోయే సదిశకూ ఉన్న తేడాయే గాలి. ఒక విమానం ముక్కు సరిగ్గా తూర్పును, అంటే 90 డిగ్రీలను, చూస్తోందనీ, గాలిలో దాని వేగం 454 నాట్లనీ (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) అనుకుందాం. నేల మీద మాత్రం అది 94 డిగ్రీల దిశలో 500 నాట్లతో కదులుతోంది. నేల వేగాన్ని విడదీస్తే తూర్పుకు 498.8, దక్షిణానికి 34.9 నాట్లు వస్తాయి. తూర్పు అంశంలో నుంచి 454 తీసివేస్తే, గాలి తూర్పుకు 44.8 నాట్లు, దక్షిణానికి 34.9 నాట్లు వీస్తోందని తేలుతుంది. మొత్తం 57 నాట్లు, సెకనుకు సుమారు 29 మీటర్లు. గాలి ఎటునుంచి వస్తుందో ఆ దిశను చెప్పడం వాతావరణ శాస్త్రంలో ఆనవాయితీ కాబట్టి, దీనిని 308 డిగ్రీల నుంచి వీచే గాలిగా, అంటే వాయవ్య గాలిగా రాయాలి. కొత్తగా ప్రోగ్రాం రాసేవారు ఈ దిశను 180 డిగ్రీలు తలకిందులు చేయడం ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను. ఈ ఉదాహరణను చేతితో ఒకసారి లెక్కగట్టి, మీ ప్రోగ్రాం అదే సమాధానం ఇస్తుందో లేదో చూసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

విమాన సంస్థతో కలిసి చేసే దారి

జాతీయ వాతావరణ సంస్థలో గానీ, విమాన సంస్థలో గానీ పనిచేసేవారికి ఉన్న దారి ఆమ్డార్. ఇది ప్రపంచ వాతావరణ సంస్థ సమన్వయంలో నడిచే వ్యవస్థ. విశాలమైన జెట్ విమానాల నుంచి భూస్థిర ఉపగ్రహాల ద్వారా కొలతలను పంపే పద్ధతిని 1979 నాటి ప్రపంచ వాతావరణ ప్రయోగంలోనే వాడారు. ఆ అనుభవం మీదనే తరువాతి ఏర్పాటు నిలబడింది. ఇందులో విమానానికి కొత్త సెన్సర్ బిగించరు. విమానంలోని కంప్యూటర్‌లోకి ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. అది ఉన్న కొలతలను ఏరి, సందేశంగా కూర్చి, ఎకార్స్ అనే డేటా లింకు ద్వారా, వీహెచ్ఎఫ్ రేడియో మీదనో ఉపగ్రహం మీదనో నేలకు పంపుతుంది. నేల మీద వాతావరణ సంస్థ ఆ సందేశాన్ని విప్పి, తనిఖీ చేసి, బఫర్ అనే ప్రామాణిక రూపంలోకి మార్చి ప్రపంచ వాతావరణ సంస్థ సమాచార జాలం ద్వారా ఇతర దేశాలకు అందిస్తుంది.

ఇక్కడ నిర్ణయించవలసిన అసలు విషయం, ఎంత తరచుగా కొలవాలన్నది. గాలి స్వభావం నేలకు దగ్గరలో వేగంగా మారుతుంది, పైన నెమ్మదిగా మారుతుంది. అందువల్ల పైకి లేచేటప్పుడు మొదటి 100 హెక్టోపాస్కల్‌ల మేర ప్రతి 10 హెక్టోపాస్కల్‌లకు ఒక కొలత, ఆపైన ప్రతి 50 హెక్టోపాస్కల్‌లకు ఒకటి, సమతలంగా పోతున్నప్పుడు కొన్ని నిమిషాలకు ఒకటి, దిగేటప్పుడు మళ్లీ తిరగేసి ఇదే క్రమం పాటించే పద్ధతి ఉంది. కాలాన్ని బట్టి కొలిచే పద్ధతి కూడా ఉన్నప్పటికీ, పీడనాన్ని బట్టి కొలిచేదే మేలని నా అభిప్రాయం; ఒక విమానం నిటారుగా, మరొకటి ఏటవాలుగా ఎక్కినా రెండింటి కొలతలూ ఒకే మట్టాలలో దొరుకుతాయి, పోల్చడం తేలికవుతుంది.

పంపే ప్రతి సందేశానికీ ఖర్చు ఉంటుంది. ఒకే విమానాశ్రయం నుంచి పది నిమిషాలలో నాలుగు విమానాలు లేస్తే నాలుగింటి కొలతలూ అక్కర లేదు. నేల నుంచి ఆదేశం పంపి కొన్ని విమానాల నివేదికలను ఆపే ఏర్పాటును మొదటి రోజు నుంచే ఒప్పందంలో చేర్చుకోవాలి. ఆ పొదుపును, కొలతలు అరుదుగా దొరికే మార్గాలలో ఎక్కువ నివేదికలు తెప్పించుకోవడానికి ఖర్చుపెట్టాలి. విమానం రిజిస్ట్రేషన్ గుర్తు బయటికి వెళ్లకుండా దాని స్థానంలో వేరే గుర్తింపును ఇస్తారు. ఆ గుర్తింపు మాత్రం మారకుండా ఉండాలి, ఎందుకంటే ఒక్కొక్క విమానం సెన్సర్‌కు ఒక్కొక్క స్వభావం ఉంటుంది, దానిని నెలల తరబడి గమనించి తెలుసుకోవలసిందే.

సొంత రిసీవర్‌తో చేసే దారి

విమాన సంస్థతో సంబంధం లేనివారికి, విద్యార్థులకు, పరిశోధకులకు మరొక దారి ఉంది. ట్రాఫిక్ నియంత్రణ రాడార్లు మోడ్ ఎస్ పద్ధతిలో, అంటే ఒక్కొక్క విమానాన్ని దాని సొంత రేడియో చిరునామాతో పిలిచే పద్ధతిలో, విమానాన్ని ప్రశ్నించినప్పుడు విమానం 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. ఆ జవాబులలో మనకు కావలసిన సంఖ్యలన్నీ ఉంటాయి. వీటి నుంచి గాలిని, ఉష్ణోగ్రతను రాబట్టవచ్చని నెదర్లాండ్స్ వాతావరణ సంస్థ పరిశోధనలు చూపించాయి. ఆ తరువాత యూరప్‌లో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. మొదలుపెట్టే ముందు, విమాన రేడియో సంకేతాలను అందుకోవడం, భద్రపరచడం, పంచుకోవడంపై మీ దేశంలో ఉన్న నియమాలను తప్పక చదవండి.

కావలసినవి ఒక సాఫ్ట్‌వేర్ రేడియో డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), ఒక యాంటెన్నా, ఒక చిన్న కంప్యూటర్. 1090 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 27.5 సెంటీమీటర్లు కాబట్టి పావు తరంగ యాంటెన్నా కడ్డీ దాదాపు 6.9 సెంటీమీటర్లే ఉంటుంది; పెన్సిల్ కంటే పొట్టిది. దాని పొడవు కంటే దానిని పెట్టిన చోటు ముఖ్యం. ఈ సంకేతాలు చూపు రేఖలోనే అందుతాయి. అడ్డులేని చోట 35,000 అడుగుల మీద ఉన్న విమానం సుమారు 400 కిలోమీటర్ల దూరం నుంచి వినిపిస్తుంది, 1,000 అడుగుల మీద ఉన్నది 70 కిలోమీటర్ల లోపే. నేలకు దగ్గరి గాలి కావాలంటే విమానాశ్రయానికి దగ్గరగా ఉండక తప్పదు. సంకేతాలను విప్పడానికి డంప్1090, పైమోడ్ఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

మీకు కావలసిన సమాచారం మూడు చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది. విమానం స్థానం, ఎవరూ అడగకుండానే అది తనంతట తాను చేసే ఏడీఎస్-బీ ప్రసారంలో దొరుకుతుంది. నేల వేగం, నేల మీది దిశ, గాలిలోని నిజ వేగం, విమానం పక్కకు వాలిన కోణం 5,0 అనే రిజిస్టర్‌లో (జవాబులో పంపే విలువల పొట్లంలో) ఉంటాయి. ముక్కు చూస్తున్న అయస్కాంత దిశ, మాక్ సంఖ్య 6,0 అనే రిజిస్టర్‌లో ఉంటాయి. ఈ రెండు రిజిస్టర్లను రాడార్ అడిగితేనే విమానం చెబుతుంది. మీ ప్రాంతంలోని రాడార్లు వాటిని అడగకపోతే ఎంత మంచి రిసీవర్ పెట్టినా అవి దొరకవు. అందుకే మొదటి గంట సంకేతాలను రికార్డు చేసి, 20, 21 రకాల సందేశాలు వస్తున్నాయా, వాటిలో ఈ రిజిస్టర్లు ఉన్నాయా అని చూసుకోవాలి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. జవాబులో ఏ రిజిస్టర్ ఉందో ఆ జవాబు చెప్పదు. ప్రశ్న అడిగిన రాడార్‌కు తెలుసు, మనకు తెలియదు. కాబట్టి బిట్లను ఒక్కొక్క రిజిస్టర్‌గా ఊహించి విప్పి, విలువలు సాధ్యమైన పరిధిలో ఉన్నాయా, ఒక అంకె లేదని సూచించే బిట్ ఉన్నప్పుడు ఆ అంకె స్థానమంతా సున్నాలే ఉన్నాయా అని పరీక్షించాలి. రెండు ఊహలూ నిలిస్తే, ఏడీఎస్-బీలో విడిగా వచ్చిన నేల వేగంతో పోల్చి తేల్చుకోవాలి. రెండవ చిక్కు, ఈ జవాబుల చివరి 24 బిట్లలో విమానం చిరునామా, తప్పుల తనిఖీ సంఖ్య ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఇతర సందేశాలలో ఇటీవల స్పష్టంగా వినిపించిన చిరునామాలలో ఒకటి బయటపడితేనే ఆ జవాబును అంగీకరించండి, లేకపోతే పారేయండి. ఆ తరువాత ఒకే విమానానికి చెందిన 5,0, 6,0 జవాబులను ఒకటి రెండు సెకన్ల తేడా లోపల జతచేయాలి. అంతకంటే ఎడం ఉంటే, మలుపు తిరుగుతున్న విమానం తప్పుడు గాలిని చూపిస్తుంది.

దిశ, మాక్: తప్పులు పుట్టే చోట్లు

ముక్కు దిశలో ఒక్క డిగ్రీ పొరపాటు ఎంత చేస్తుందో చూడండి. 454 నాట్ల వేగంలో ఒక డిగ్రీ అంటే అడ్డంగా 8 నాట్లు, సెకనుకు 4 మీటర్లు. ప్రసారమయ్యేది అయస్కాంత దిశ, మనకు కావలసినది నిజ ఉత్తరంతో పోల్చిన దిశ. ఈ రెండు ఉత్తరాల మధ్య కోణమే దిక్పాతం; తూర్పు దిక్పాతాన్ని కలపాలి, పడమటి దిక్పాతాన్ని తీసివేయాలి. ఇక్కడ చాలామంది తాజా అయస్కాంత నమూనాను తెచ్చి వాడతారు, నేనూ మొదట అలాగే చేశాను. ఆధునిక విమానంలో జడత్వ వ్యవస్థ ముందుగా నిజ దిశనే లెక్కగట్టి, తన జ్ఞాపకంలో ఉన్న దిక్పాత పట్టికతో దానిని అయస్కాంత దిశగా మార్చి ప్రసారం చేస్తుంది. ఆ పట్టిక ఏళ్ల క్రితంది కావచ్చు. దాని నుంచి నిజ దిశను తిరిగి పొందాలంటే అదే పాత పట్టిక కావాలి; కొత్త నమూనా ఎంత కచ్చితమైనదైనా ఇక్కడ తప్పే ఇస్తుంది.

ఆ పట్టిక మనకు దొరకదు కాబట్టి ప్రతి విమానానికీ విడిగా ఒక సవరణ కట్టాలి. అందుకు మంచి అవకాశం, విమానం దిగి రన్‌వే మీద నేరుగా పరుగెత్తే క్షణం: రన్‌వే నిజ దిశ కచ్చితంగా తెలుసు, ముక్కు దానితో సమానంగా ఉంటుంది, తేడా ఎంతో అంతే సవరణ. విమానాశ్రయం దూరంగా ఉంటే, ఒకే చోట ఒకే ఎత్తున ఎదురెదురు దిశలలో పోయిన విమానాలను పోల్చండి. దిశలో పొరపాటుంటే తూర్పుకు పోయేవి గాలిని ఒకవైపు, పడమరకు పోయేవి రెండోవైపు లాగుతాయి. ఒక డిగ్రీకే వాటి మధ్య 16 నాట్ల ఎడం కనిపిస్తుంది. ఎన్నో విమానాల సగటు తీసి ఆ ఎడాన్ని సున్నాకు తెచ్చే సవరణను ప్రతి గుర్తింపుకూ నమోదు చేసుకోవాలి.

ఉష్ణోగ్రత ఈ దారిలో అంత బాగా రాదని ముందే తెలుసుకోవడం మంచిది. సెన్సర్ చూపిన ఉష్ణోగ్రత ఈ రెండు రిజిస్టర్లలో లేదు. గాలిలోని నిజ వేగాన్ని నాట్లలో తీసుకొని, మాక్ సంఖ్య × 38.97 తో భాగించి, వర్గం చేస్తే కెల్విన్‌లో ఉష్ణోగ్రత వస్తుంది. మాక్ సంఖ్య 0.004 మెట్లలో, నిజ వేగం 2 నాట్ల మెట్లలో ప్రసారమవుతాయి. 454 నాట్లు, మాక్ 0.780 అయితే 223.1 కెల్విన్, మాక్ ఒక్క మెట్టు పెరిగి 0.784 అయితే 220.8. రెండు డిగ్రీలకు పైగా తేడా. కింద ఇంకా ఎక్కువ: 196 నాట్లు, మాక్ 0.300 దగ్గర 281.1 కెల్విన్ వచ్చేది, ఒక్క మెట్టు పెరిగితే 273.7 అవుతుంది, అంటే ఏడు డిగ్రీల తేడా. కాబట్టి విడి ఉష్ణోగ్రతను ఎక్కడా చూపించకండి. ఒకే మట్టంలో అనేక విమానాల నుంచి వచ్చిన విలువల సగటునే వాడండి. గాలిని మాత్రం, దిశ సవరణ చేసిన తరువాత, ధైర్యంగా వాడవచ్చు.

పక్కన పెట్టవలసినవి

విమానం పక్కకు 5 డిగ్రీలు, అంతకు మించి వాలినప్పుడు వచ్చిన గాలిని ఆమ్డార్ సందేశమే అనుమానాస్పదంగా గుర్తిస్తుంది. సొంత రిసీవర్‌లోనూ అదే హద్దు పాటించండి. విమానం స్థానం ముందటి స్థానం నుంచి అసాధ్యమైన వేగంతో దూకితే ఆ కొలత వద్దు. సెన్సర్‌కు మంచు పట్టినా, మేఘంలో తడిసినా ఉష్ణోగ్రత తప్పుతుంది. వేగం మారుతున్నా ఒకే విలువ కదలకుండా ఉండటం దానికి ఒక గుర్తు. ఆమ్డార్ ఉష్ణోగ్రతలు బెలూన్ కొలతలతో పోలిస్తే సగటున కొంచెం వెచ్చగా ఉంటాయన్నది తెలిసిన విషయమే, అందుకే పెద్ద అంచనా కేంద్రాలు ఒక్కొక్క విమానానికి విడిగా సవరణ చేస్తాయి. తీసివేసిన కొలతలను చెరిపేయకుండా, ఏ కారణంతో తీసివేశారో పక్కన రాసి ఉంచండి. ఒకే విమానం పదే పదే ఒకే కారణంతో తప్పుతుంటే దాని సెన్సర్ కథ అక్కడే బయటపడుతుంది.

తేమ విషయంలో విమానాలు ఇప్పటికీ వెనుకబడే ఉన్నాయి, ఈ లోటు నన్ను నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే ఉరుములతో కూడిన వానను అంచనా వేయడానికి గాలి కంటే కూడా తేమే ముందు కావాలి. డయోడ్ లేజర్ కాంతిని గాలి గుండా పంపి, నీటి ఆవిరి ఎంత పీల్చుకుందో కొలిచే సెన్సర్‌ను కొన్ని విమానాలకు అమర్చారు. అది విమానానికి అదనంగా బిగించవలసినది, అందుకే వాటి సంఖ్య తక్కువ. కుదుపుల విషయం మెరుగ్గా ఉంది. గాలిలోని సుడుల శక్తి ఎంత వేగంగా కరిగిపోతుందో తెలిపే ఈడీఆర్ అనే కొలతను విమానంలోని సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. చిన్న విమానానికీ పెద్ద విమానానికీ అది ఒకే అర్థం ఇస్తుంది, 0.20 చేరితే మధ్యస్థం, 0.45 చేరితే తీవ్రం అని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ హద్దులు పెట్టింది.

పని నిలదొక్కుకున్న తరువాత, దగ్గరలో బెలూన్ వదిలే కేంద్రం ఉంటే, బెలూన్ ఎగిరిన గంట లోపల, 100 కిలోమీటర్ల లోపల వచ్చిన విమాన కొలతలను పీడన మట్టాల వారీగా దానితో పోల్చండి. గాలి తేడా సెకనుకు రెండు మూడు మీటర్లలో ఉంటే మీ సవరణలు సరిగ్గా ఉన్నాయి. అంతకు మించితే మొదట దిశను, తరువాత జత చేసిన సందేశాల కాలాన్ని, ఆపైన పీడనం మార్పిడిని ఇదే వరుసలో వెతకండి. ప్రతి కొలతకూ అంతర్జాతీయ కాలమానంలో సమయం, అక్షాంశం, రేఖాంశం, పీడనం, గాలి దిశ, వేగం, ఉష్ణోగ్రత, వాలిన కోణం, చేసిన సవరణ ఎంత అన్నవి రాసి ఉంచండి. ఇతరులతో పంచుకునే ప్రతిలో విమానం 24 బిట్ల చిరునామాను తొలగించి, మీరు ఇచ్చిన గుర్తింపును మాత్రమే ఉంచండి.